ఐదో గంటలో కూడా నడుము పట్టేయని ట్రక్కు సీటు: డిజైన్ ఎలా చేయాలి

నేను గీసిన మొదటి ట్రక్కు సీటు ఆఫీసులో అందరికీ నచ్చింది. వచ్చినవాళ్లు వచ్చినట్టు కూర్చుని, అటూ ఇటూ కదిలి, "మెత్తగా భలే ఉందే" అని లేచి వెళ్లారు. నెల తిరక్కుండానే ట్రయల్ బండి నడిపే డ్రైవరు దగ్గరికి వెళ్లాను. సీటు వీపు భాగానికి ఒక పాత తువ్వాలు వేలాడుతోంది. నాలుగు మడతలు పెట్టి, తాడుతో గట్టిగా కట్టేశాడు.

"అదెందుకన్నా, నడుముకి ఆనే లంబార్ సపోర్ట్ ఉంది కదా?" అన్నాను.

"మీరు పెట్టిన ఉబ్బు పక్కటెముకల్లో పొడుస్తోంది సార్. నడుము దగ్గరేమో ఖాళీ. ఈ తువ్వాలు లేకపోతే మధ్యాహ్నానికి బండి దిగలేను" అన్నాడు.

టేపు పెట్టి కొలిచాను. అతని తువ్వాలు నా ఉబ్బుకి నాలుగు వేళ్లు కిందుంది. తప్పు నాదేనని అక్కడే తెలిసిపోయింది. నేను ఎత్తు లెక్కేసుకున్నది ఎవరూ కూర్చోని కుషన్ మీద నుంచి. మనిషి కూర్చోగానే ఫోమ్ అణిగి నడుము కిందకి దిగుతుంది, ఉబ్బు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

కొత్త సీట్లో ఐదు నిమిషాలు ఎవరైనా హాయిగానే కూర్చుంటారు. నడుము సంగతి తేలేది ఐదో గంటలో. కింద చెప్పే అడుగులన్నీ ఆ ఐదో గంటని మనసులో పెట్టుకుని రాసినవే. సీట్లు తయారుచేసేవాళ్లయినా, షెడ్డులో పాత సీటు తీసి కొత్తది బిగించేవాళ్లయినా, ప్రాజెక్టు పని మీదున్న విద్యార్థులయినా ఈ వరుసలోనే వెళ్లండి. వరుస మారితే పని రెండుసార్లు చేయాల్సి వస్తుంది.

1. గీయడానికి ముందు పక్క సీట్లో ప్రయాణం చేయండి

కంప్యూటర్ తెరవకముందే ఒక పూర్తి రోజు డ్రైవరు పక్కన కూర్చోండి. చేతిలో గడియారం, ఒక నోటుబుక్కు చాలు. బయల్దేరాక ఎన్ని నిమిషాలకి అతను మొదటిసారి సీట్లో సర్దుకున్నాడో రాసుకోండి. తర్వాత ఎంతెంత సేపటికి సర్దుకుంటున్నాడో కూడా రాయండి. సీటు బాగోలేకపోతే గంటలు గడిచేకొద్దీ ఆ వ్యవధి తగ్గిపోతూ ఉంటుంది. నోటితో ఎవరూ చెప్పని ఫిర్యాదు అది.

క్లచ్ తొక్కినప్పుడు ఎడమ పిరుదు సీటు మీద నుంచి లేస్తోందా? స్టీరింగ్ అందుకోవడానికి వీపు ముందుకి వచ్చేస్తోందా? అద్దం చూసేటప్పుడు మెడ ఒక్కటే తిరుగుతోందా, నడుము కూడా మెలిపడుతోందా? ఇవన్నీ పక్కన కూర్చుంటేనే కనిపిస్తాయి.

"నడుము నొప్పి ఉందా?" అని అడిగితే చాలామంది "అలవాటైపోయింది" అంటారు. ఆ మాట విని రాసుకునేదేమీ ఉండదు. దానికన్నా బండి దిగేటప్పుడు చూడండి. తలుపు పట్టుకుని రెండు క్షణాలు వంగే నిలబడి, ఆ తర్వాత మెల్లగా నిటారయ్యే మనిషికి వేరే ప్రశ్న అక్కర్లేదు.

సీటు మీద ఉన్న దిండ్లు, తువ్వాళ్లు, అట్టముక్కలు తీసి పక్కన పెట్టమనకండి. ఉన్నవి ఉన్నట్టే ఫొటో తీసి, ఎత్తు, మందం కొలవండి. డ్రైవరు సొంతంగా చేసుకున్న మరమ్మతు కన్నా మంచి డిజైన్ సమాచారం ఎక్కడా దొరకదు. వెనక జేబులో పర్సు పెట్టుకుని కూర్చుంటున్నాడేమో కూడా చూడండి. ఒక పిరుదు కింద రెండు సెంటీమీటర్ల ఎత్తు ఉంటే కటి ఎముక పక్కకి ఒరుగుతుంది, దానికి తగ్గట్టు వెన్ను వంకర తిరుగుతుంది. దానికి మీ సీటు ఏమీ చేయలేదు. కానీ పర్సు, ఫోను పెట్టుకోడానికి చేతికందే చోట ఒక అర ఇవ్వగలరు.

తర్వాత శరీర కొలతలు. ఎత్తు, బరువుతో పాటు కూర్చున్నప్పుడు పిరుదు వెనక నుంచి మోకాలి వెనక దాకా పొడవు, పాదం నుంచి మోకాలి వెనక దాకా ఎత్తు, తుంటి వెడల్పు తీసుకోండి. సీట్ల పరిశ్రమలో నూరు మంది ఆడవాళ్లలో పొట్టి వైపు నుంచి ఐదో మనిషి దగ్గర మొదలుపెట్టి, నూరు మంది మగవాళ్లలో తొంభై ఐదో మనిషి దాకా సరిపోవాలనే లెక్క ఉంది. సగటు మనిషికి గీయకండి. సగటు మనిషి అనేవాడు కాగితం మీదే ఉంటాడు, స్టీరింగ్ పట్టుకోడానికి రాడు.

2. నడుము ఎందుకు పోతుందో ముందు అర్థం చేసుకోండి

నిలబడినప్పుడు నడుము దగ్గర వెన్ను లోపలికి వంపు తిరిగి ఉంటుంది. కూర్చోగానే కటి ఎముక వెనక్కి దొర్లుతుంది, ఆ వంపు చదునైపోతుంది. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు ముందువైపు నలిగి, వెనకవైపు సాగుతాయి. 1953లో అమెరికన్ న్యూరోసర్జన్ కీగన్ రకరకాల భంగిమల్లో ఎక్స్‌రేలు తీసి, వీపుకీ తొడకీ మధ్య సుమారు 135 డిగ్రీల కోణం ఉన్నప్పుడు ఈ వంపు సహజంగా ఉంటుందని చూపించాడు. అంత వెనక్కి వాలి ట్రక్కు నడపలేం, రోడ్డు కనిపించదు. అందుకని మనకి దొరికేది రాజీ మాత్రమే. 1970లలో స్వీడన్‌లో ఆండర్సన్, ఆయన బృందం డిస్కు లోపలి ఒత్తిడిని నేరుగా కొలిచారు. వీపు ఆనుడు కాస్త వెనక్కి వాలితే, నడుము దగ్గర ఆసరా ఉంటే ఆ ఒత్తిడి తగ్గుతుందని తేలింది. వీపు ఆనుడు దగ్గర మన పనంతా ఈ రెండు విషయాల చుట్టూనే తిరుగుతుంది.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. తొడ వెనక ఉండే కండరాలు తుంటినీ మోకాలినీ రెండింటినీ దాటి వెళ్తాయి. కాలు ముందుకి చాపితే అవి బిగుసుకుని కటి ఎముకని వెనక్కి లాగుతాయి. అంటే పెడల్ దూరంగా ఉంటే నడుము వంపు పోతుంది. ఎంత గొప్ప లంబార్ సపోర్ట్ పెట్టినా ఆ లాగుడు ముందు నిలవదు. కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాపి చూడండి, నడుము వెనక్కి జరగడం మీకే తెలుస్తుంది.

మూడోది అదురు. కూర్చున్న మనిషి వెన్ను పైకీ కిందకీ ఊగే అదురుకి ఎక్కువగా స్పందించేది సెకనుకి 4 నుంచి 6 సార్లు, అంటే 4–6 హెర్ట్జ్ దగ్గర. అక్కడ శరీరమే స్ప్రింగులా ప్రవర్తించి, కింద నుంచి వచ్చిన ఊపుని పెంచుతుంది.

ఇక డిస్కులకి సొంత రక్తనాళాలు లేవనే చెప్పాలి. ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటేనే వాటిలోకి ద్రవాలు వచ్చిపోతూ ఉంటాయి. కాబట్టి మనిషిని ఒకే భంగిమలో బిగించేసే సీటు, ఆ భంగిమ ఎంత సరైనదైనా, మంచి సీటు కాదు.

3. మనిషిని ముందు కూర్చోబెట్టండి, సీటు తర్వాత గీయండి

డ్రాయింగ్‌లో మొదటి చుక్క మడమ. యాక్సిలరేటర్ మీద పాదం ఉన్నప్పుడు మడమ నేల మీద ఎక్కడ ఆనుతుందో అక్కడి నుంచి మొదలుపెట్టండి. తర్వాత మోకాలు, ఆ తర్వాత తుంటి కీలు. ఈ తుంటి చుక్కనే పరిశ్రమలో హెచ్ పాయింట్ అంటారు. మనిషి బరువుతో కుషన్ అణిగాక అది ఎక్కడ ఉంటుందో కొలవడానికి ఎస్ఏఈ అనే వాహన ఇంజనీర్ల సంస్థ జె826 ప్రమాణంలో చెప్పిన బరువుల బొమ్మని వాడతారు. ఆ బొమ్మ మీ దగ్గర లేకపోతే, బరువు తేడా ఉన్న నలుగురైదుగురు మనుషుల్ని కూర్చోబెట్టి, పక్క నుంచి తుంటి దగ్గర గుర్తు పెట్టి కొలవండి. బొమ్మంత కచ్చితంగా రాదు, కానీ ఖాళీ కుషన్ మీద కొలిచి నాలా నవ్వులపాలవడం కన్నా నయం.

వీపుకీ తొడకీ మధ్య 100 నుంచి 110 డిగ్రీలు, మోకాలి దగ్గర 110 నుంచి 130 వరకు ఉండేలా మొదలుపెట్టండి. అసలు పరీక్ష క్లచ్ దగ్గర ఉంది. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగే ఉండాలి, పిరుదు సీటు వదలకూడదు, వీపు ఆనుడు వదలకూడదు. ఈ మూడింట్లో ఏది తప్పినా సీటు ముందుకి జరపాలి, లేదా పెడల్ చోటు మార్చాలి. పొట్టివాళ్లు సీటు ముందుకి లాక్కుంటే స్టీరింగ్ పొట్టకి తగులుతుంది. అందుకే స్టీరింగ్ కూడా ఎత్తు, వాలు మారేలా ఉండాలి. సీటుని ఒక్కదాన్నే బాగుచేస్తానంటే కుదరని చోటు ఇది.

పై నుంచి కూడా ఒకసారి చూడండి. సీటు మధ్యగీత, స్టీరింగ్ మధ్య, పెడల్స్ మధ్య ఒకే వరుసలో ఉన్నాయా? ఇంజన్ పక్కకి జరగడం వల్ల పెడల్స్ ఒక వైపుకి పోతే డ్రైవరు నడుము రోజంతా కొద్దిగా మెలిపడే ఉంటుంది. మెలిక, అదురు రెండూ కలిస్తే డిస్కుకి అంతకన్నా శిక్ష లేదు.

సర్దుబాటు విషయంలో పిసినారితనం వద్దు. ముందుకీ వెనక్కీ కనీసం 20 సెం.మీ., ఎత్తులో 10 సెం.మీ. ఇవ్వండి. కుషన్ ముందు భాగం విడిగా పైకీ కిందకీ వాలేలా ఉంటే ఇంకా మంచిది.

4. కుషన్: మెత్తదనం మోసం చేస్తుంది

పొడవు పెద్ద మనిషికి సరిపోయేలా పెడితే చిన్న మనిషికి మోకాలి వెనక గుచ్చుకుంటుంది. అప్పుడు ఆమె ముందుకి జరిగి కూర్చుంటుంది, వీపు వెనక ఖాళీ పడుతుంది, అక్కడితో మీ లంబార్ సపోర్ట్ కథ ముగిసింది. అందుకే కుషన్ పొడవు 40 నుంచి 50 సెం.మీ. మధ్య జరిగేలా ఉండాలి. కుషన్ అంచుకీ మోకాలి మడతకీ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. ముందు అంచు గుండ్రంగా కిందకి జారినట్టు ఉండాలి. పదునుగా ఉంటే తొడ కింద రక్తప్రసరణ తగ్గి కాళ్లు తిమ్మిరెక్కుతాయి.

బరువు ఎక్కువగా మోయాల్సింది పిరుదుల కింద ఉండే రెండు కూర్చునే ఎముకలు. తొడలు తక్కువే మోయాలి. ఒత్తిడి ఎక్కడ ఎంత పడుతోందో చూపించే ప్రెజర్ మ్యాప్ షీట్ ఉంటే దాని మీద ఇది రంగుల్లో కనిపిస్తుంది. లేనివాళ్లు పాత ఉపాయం వాడొచ్చు: చేయి కుషన్‌కీ తొడకీ మధ్య దూర్చి చూడండి. మోకాలి వైపు తేలిగ్గా దూరి, పిరుదు వైపు వెళ్లేకొద్దీ బిగుతు పెరగాలి. మోకాలి దగ్గరే బిగుతుగా ఉంటే కుషన్ ముందు భాగం ఎత్తు ఎక్కువైంది.

ఫోమ్ ఎంచుకునేటప్పుడు మెత్తదనాన్నీ సాంద్రతనీ కలిపేయకండి. అవి వేర్వేరు. సాంద్రత అంటే ఘనపు మీటరుకి ఎన్ని కిలోలు అనేది, మన్నిక చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. గట్టిదనం అంటే నొక్కితే ఎంత బలం తిరిగి చూపిస్తుంది అనేది, దాన్ని అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2439 పద్ధతిలో కొలుస్తారు. సాంద్రత తక్కువున్న ఫోమ్‌ని గట్టిగా చేసి అమ్ముతారు. కొత్తలో బాగానే ఉంటుంది, ఆరునెలలకి మధ్యలో గుంట పడుతుంది. ఘనపు మీటరుకి 50 కిలోలకి తగ్గకుండా చూసుకోండి. కింద గట్టి పొర, పైన రెండు సెంటీమీటర్ల మెత్తటి పొర పెడితే కూర్చోగానే హాయిగానూ ఉంటుంది, అడుగంటిపోకుండానూ ఉంటుంది.

అడుగంటడం అంటే ఫోమ్ పూర్తిగా నలిగి, పిరుదుల ఎముకలు కింది రేకుకి తగలడం. 110 కిలోల మనిషిని కూర్చోబెట్టి, కుషన్ మీద ఎగిరి కూర్చోమనండి. కింద టక్కుమని తగిలితే మందం చాలదు. కారు సీటుల్లో ఉండే ఎత్తైన పక్క దిండ్లు ఇక్కడ వద్దు. ట్రక్కు డ్రైవరు రోజులో చాలాసార్లు ఎక్కి దిగుతాడు, ఆ దిండ్లు దారికి అడ్డం, పైగా కదలనివ్వవు.

5. వీపు ఆనుడు, లంబార్ సపోర్ట్

వీపు భాగం 95 నుంచి 115 డిగ్రీల దాకా వాలాలి. ఎత్తు భుజపుటెముకల కింది అంచు దాటి ఉండాలి, కానీ భుజాలు కదలడానికి వీలుగా పైన కాస్త సన్నబడాలి. అడుగున, అంటే కుషన్‌కీ వీపు భాగానికీ మధ్య, పిరుదులు వెనక్కి వెళ్లడానికి చోటు వదలండి. ఆ చోటు లేకపోతే పిరుదులు ముందుకే ఉండిపోతాయి, కటి ఎముక వెనక్కి దొర్లుతుంది.

లంబార్ ఉబ్బు అణిగిన కుషన్ మీద నుంచి 15 నుంచి 25 సెం.మీ. ఎత్తులో పైకీ కిందకీ జరగాలి. బయటికి పొడుచుకొచ్చే లోతు సున్నా నుంచి 3–4 సెం.మీ. దాకా ఉంటే చాలు. సున్నా ఎందుకంటారా? కొందరికి అసలు ఉబ్బే గిట్టదు, వాళ్ల వెన్ను వంపు తక్కువ. బలవంతంగా పెడితే వాళ్లు సీటు అంచున కూర్చుని నడుపుతారు. గాలి సంచులు రెండు, ఒకదాని మీద ఒకటి పెడితే ఎత్తు కూడా గాలితోనే మార్చుకోవచ్చు, లివర్ల బెడద తగ్గుతుంది. డ్రైవరు గంటకోసారి కొద్దిగా గాలి నింపి, కొద్దిగా వదిలితే డిస్కుల మీద భారం చోటు మారుతుంది. నేను ఇప్పుడు ఏ సీటుకైనా ఈ గాలి బటన్ చేయి దించగానే తగిలే చోట పెడతాను. వంగి వెతుక్కోవాల్సిన బటన్‌ని రెండో రోజు నుంచి ఎవరూ నొక్కరు.

6. సస్పెన్షన్: అసలు పోరాటం ఇక్కడే

ఇక్కడ కాస్త లెక్క తప్పదు, భయపడకండి. ఏ స్ప్రింగు మీద ఏ బరువు పెట్టినా దానికి సొంత ఊగుడు వేగం ఒకటి ఉంటుంది. కింద నుంచి వచ్చే అదురు ఆ వేగానికి 1.4 రెట్లు దాటితేనే స్ప్రింగు దాన్ని తగ్గించడం మొదలుపెడుతుంది. అంతకు లోపల ఉంటే పెంచుతుంది.

వట్టి ఫోమ్ సీటు తీసుకోండి. దాని మీద మనిషి కూర్చుంటే సొంత ఊగుడు సుమారు 4 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అంటే 5.6 హెర్ట్జ్ దాటాకే అది పనిచేస్తుంది. వెన్నుకి గిట్టనిది 4–6 అని పైన చెప్పుకున్నాం. సరిగ్గా ఎక్కడ కాపాడాలో అక్కడే ఫోమ్ సీటు అదురుని పెంచి నడుముకి అందిస్తోందన్నమాట. ఎంత ఖరీదైన ఫోమ్ వేసినా ఈ చిక్కు పోదు.

సొంత ఊగుడుని 1 నుంచి 1.5 హెర్ట్జ్‌కి దించాలంటే స్ప్రింగు బాగా మెత్తగా ఉండాలి. మామూలు స్ప్రింగు అయితే మనిషి బరువుకే 1.5 హెర్ట్జ్‌కి 11 సెం.మీ., 1 హెర్ట్జ్‌కి 25 సెం.మీ. కుంగిపోవాలి. క్యాబిన్‌లో అంత చోటు ఎక్కడిది? గాలి స్ప్రింగు గెలిచేది ఇక్కడే. బరువుని గాలి ఒత్తిడి మోస్తుంది, కాబట్టి సీటు కుంగదు, కానీ ఊగేటప్పుడు మెత్తగా ఉంటుంది. కత్తెర ఆకారపు ఫ్రేము మధ్యలో గాలి తిత్తి, పక్కన ఊగుడుని అణిచే డ్యాంపర్, మనిషి బరువుకి తగ్గట్టు గాలి సర్దే వాల్వ్. ట్రక్కు సీటు సస్పెన్షన్ మొత్తం ఇంతే.

డ్యాంపర్ దగ్గర చాలామంది తప్పు చేస్తారు. డ్రైవర్లు "సీటు ఊగుతోంది" అనగానే గట్టి డ్యాంపర్ వేసేస్తారు. లెక్క చూడండి. 1.5 హెర్ట్జ్ సీటుకి డ్యాంపింగ్ నిష్పత్తి (ఊగుడుని ఎంత గట్టిగా అణుస్తుందో చెప్పే సంఖ్య) 0.3 ఉంటే, 5 హెర్ట్జ్ అదురులో ఐదో వంతు మాత్రమే పైకి వస్తుంది. అదే 0.7 చేస్తే నలభై శాతం పైగా వస్తుంది. అంటే నడుముకి చేరేది రెండింతలు. దానికి బదులుగా దొరికేదేమిటంటే, సొంత ఊగుడు దగ్గర పెరుగుదల దాదాపు 1.9 రెట్ల నుంచి 1.2 రెట్లకి తగ్గడం. నున్నటి రోడ్డు మీద ఎక్కువగా తిరిగే బండికి 0.3 దగ్గర మొదలుపెట్టండి. గనులు, మట్టిరోడ్ల మీద తిరిగే బండికి ఇంకొంచెం పెంచాలి, ఎందుకంటే అక్కడి ప్రమాదం వేరు.

ఆ ప్రమాదం పేరు ఎండ్ స్టాప్. సస్పెన్షన్‌కి మొత్తం కదిలే దారి 10–15 సెం.మీ. ఉంటుంది. పెద్ద గుంటలో పడ్డప్పుడు ఆ దారి అయిపోయి ఫ్రేము ఢీకొంటుంది. ఆ ఒక్క దెబ్బ గంటసేపటి మామూలు అదురు కన్నా వెన్నుకి చెడ్డది. అందుకని చివర్లలో గట్టి రబ్బరు ముక్క కాకుండా, నొక్కేకొద్దీ మెల్లగా గట్టిపడే పొడవాటి బఫర్ పెట్టండి. పైవైపు కూడా మర్చిపోవద్దు, సీటు ఎగిరి పైన కొట్టుకుని కిందకి వచ్చేటప్పుడు కూడా దెబ్బే. అన్నిటికన్నా ముఖ్యం, సీటు దారి మధ్యలో నిలబడాలి. డ్రైవరు ఎత్తు కోసం సస్పెన్షన్‌నే పైకి లేపుకుంటే పైవైపు దారి మిగలదు. ఎత్తు సర్దుబాటుని సస్పెన్షన్ నుంచి వేరు చేయండి. లేదా మధ్యలో ఉందో లేదో చూపించే ఆకుపచ్చ గుర్తయినా పెట్టండి.

బరువు సంగతి. కూర్చున్న మనిషి బరువులో దాదాపు ముప్పాతిక వంతు సీటు మీద పడుతుంది, మిగతాది కాళ్ల ద్వారా నేలకి పోతుంది. 55 కిలోల మనిషికి 41 కిలోలు, 110 కిలోల మనిషికి 82 కిలోలు. రెండింతల తేడా. బరువు సర్దే నాబ్ చేత్తో తిప్పేది అయితే ఎవరూ తిప్పరు, ముందు డ్రైవరు వదిలిపెట్టిన దగ్గరే ఉంటుంది. వాల్వ్ తనంతట తనే సర్దేది పెట్టండి.

కత్తెర కీళ్లలో రాపిడి కూడా చూసుకోవాలి. రాపిడి ఎక్కువైతే చిన్న అదురుకి సీటు అసలు కదలదు, బిగుసుకుపోయి వట్టి ఫోమ్ సీటులా పనిచేస్తుంది. తేలికపాటి మనిషికి ఇది మరీ ఎక్కువ. మంచి బుష్‌లకి (కీళ్లలో వేసే గొట్టపు ముక్కలకి) పెట్టిన డబ్బు వృథా కాదు. ముందుకీ వెనక్కీ వచ్చే కుదుపుకి విడిగా ఒక జారుడు ఐసొలేటర్ (ఆ కుదుపుని మింగే భాగం) ఉంటే మంచిదే, కానీ బ్రేకు గట్టిగా తొక్కేటప్పుడు దాన్ని లాక్ చేసే వీలుండాలి.

మోటారుతో అదురుని ఎదిరించే యాక్టివ్ సీట్లూ ఉన్నాయి. బోస్ సంస్థ 2010లో విద్యుదయస్కాంత మోటారుతో పనిచేసే ట్రక్కు సీటు తెచ్చింది. బాగా పనిచేస్తాయి, ఖర్చూ బాగానే ఉంటుంది. మామూలు గాలి సీటుని సరిగ్గా ట్యూన్ చేయకుండా అటువైపు పరిగెత్తకండి.

7. బెల్టు, మంట, చెమట

సీటు బెల్టు కొక్కేలు క్యాబిన్ గోడకో నేలకో ఉంటే, సీటు ఊగిన ప్రతిసారీ బెల్టు పొట్టని బిగిస్తుంది. విసిగిపోయి డ్రైవరు బెల్టే పెట్టుకోడు. అందుకే మూడు కొక్కేలూ సీటులోనే ఉండాలి. అప్పుడు ప్రమాదంలో బెల్టు బలమంతా సీటు ఫ్రేము, సస్పెన్షన్, రైల్స్ మోయాలి, కాబట్టి ఆ బలానికి తగ్గట్టు వాటిని పరీక్షించాలి. ఇది షెడ్డులో వెల్డింగ్ చేసి తేల్చే పని కాదు.

గుడ్డ, ఫోమ్ అమెరికా వాహన భద్రతా ప్రమాణం ఎఫ్ఎంవీఎస్ఎస్ 302లోని మంట పరీక్ష నెగ్గాలి. మంట నిమిషానికి 102 మి.మీ. కన్నా వేగంగా పాకకూడదు. వేడి చోట్ల రెక్సిన్ బదులు గాలి ఆడే గుడ్డ వాడండి. చెమటకి జారుతూ కూర్చునే మనిషి నడుము ఎప్పుడూ ఒక చోట ఉండదు.

8. కొలవండి

సీటు మీద పెట్టడానికి 12 మి.మీ. మందం, అడుగు వెడల్పుకి కాస్త తక్కువ ఉండే గుండ్రటి రబ్బరు ప్యాడ్ దొరుకుతుంది. లోపల మూడు దిక్కుల అదురునీ కొలిచే యాక్సెలరోమీటర్ ఉంటుంది. అలాంటిదే ఇంకోటి సీటు కింద నేల మీద బిగించండి. రెండింటినీ ఒకేసారి రికార్డు చేసి, ఐఎస్ఓ 2631లో చెప్పినట్టు శరీరం స్పందించే తీరుకి తగిన వెయిటింగ్ వేయండి, అంటే ఒళ్లు ఎక్కువ స్పందించే అదురుకి లెక్కలో ఎక్కువ బరువు ఇవ్వండి. సీటు మీది విలువని నేల మీది విలువతో భాగిస్తే వచ్చే శాతమే సీట్ (SEAT) విలువ. 100 దాటితే సీటు లేకుండా నేల మీద కూర్చోవడమే నయం. వినడానికి నవ్వొస్తుంది, కానీ అరిగిన సీట్లలో ఈ సంఖ్య నేను చూశాను.

శాతం ఒక్కటే చాలదు, అసలు మోతాదు కూడా చూడాలి. యూరోపియన్ యూనియన్ 2002లో తెచ్చిన ఆదేశం ప్రకారం 8 గంటల పనికి లెక్కగట్టిన అదురు సెకను వర్గానికి 0.5 మీటర్లు దాటితే యజమాని తగ్గించే చర్యలు మొదలుపెట్టాలి. 1.15 దాటనే కూడదు. ఉదాహరణకి నేల మీద 0.8, సీటు మీద 0.6 వచ్చిందనుకోండి. సీట్ విలువ 75 శాతం, చూడ్డానికి బాగానే ఉంది. కానీ 0.6తో ఐదున్నర గంటలు నడిపితేనే 0.5 మోతాదు నిండిపోతుంది. రోజుకి పది గంటలు నడిపే మనిషికి ఆ సీటు చాలదు. అప్పుడు సీటుతో పాటు టైర్ల గాలి, క్యాబిన్ బుష్‌లు, బండి వేగం కూడా చూడాలి.

గుంటల రోడ్డు మీద కొలిస్తే సగటు విలువ మోసం చేస్తుంది, దెబ్బలు సగటులో కలిసిపోతాయి. దానికి వీడీవీ (అదురు మోతాదు విలువ) అనే లెక్క ఉంది. అందులో అదురుని నాలుగో ఘాతంతో తీసుకుంటారు, అంటే రెండింతల దెబ్బకి పదహారు రెట్ల బరువు. ఎండ్ స్టాప్ తగులుతోందా లేదా అనేది ఇందులో బయటపడుతుంది. తేలికపాటి మనిషితో, బరువైన మనిషితో రెండుసార్లు కొలవడం మర్చిపోవద్దు.

9. ఐదో గంట దాకా కూర్చోబెట్టండి

యంత్రం చెప్పాక మనిషి చెప్పాలి. మనిషి బొమ్మ గీసిన కాగితం ఇచ్చి, మెడ, భుజాలు, నడుము, పిరుదులు, తొడలు, ఒక్కోదానికి సున్నా నుంచి పది దాకా అసౌకర్యం ఎంతో గంటకోసారి అడగండి. బయల్దేరకముందు ఒకసారి అడగడం తప్పనిసరి, ముందురోజు నొప్పి మీ సీటు ఖాతాలో పడకూడదు. పాత సీటుతో ఒక రోజు, కొత్త సీటుతో ఒక రోజు, అదే దారిలో. మొదటి గంటలో కొత్త సీటుకి తక్కువ మార్కులు పడ్డా కంగారు పడకండి. మెత్తటి పాత సీటుకి అలవాటైన ఒళ్లు గట్టి కుషన్‌ని ముందు తిట్టుకుంటుంది. మూడో గంట తర్వాత రెండు గీతలూ ఎటు వెళ్తున్నాయో చూడండి.

10. సీటు వాడటం నేర్పండి, అరుగుదల చూడండి

సీటు పక్కన బొమ్మలతో ఒక స్టిక్కర్ అంటించండి. ముందు ఎత్తు, తర్వాత క్లచ్ పూర్తిగా తొక్కి ముందు వెనక దూరం, ఆ తర్వాత వీపు వాలు, ఆపైన లంబార్, చివర్లో స్టీరింగ్. ఇదే వరుస. నాలుగైదు గంటలు నడిపాక క్యాబిన్ నుంచి దూకొద్దని, మూడు చోట్ల పట్టు ఉంచుకుని దిగమని, దిగీ దిగగానే బరువులు ఎత్తకుండా కొన్ని నిమిషాలు నడవమని కూడా రాయండి. అదురుకి అలసిన వెన్ను వెంటనే వంగి బరువెత్తితే పట్టేస్తుంది.

బండి సర్వీసుకి వచ్చినప్పుడల్లా మెకానిక్ సీటుని కూడా ముట్టుకోవాలి. వీపు భాగం పైఅంచు పట్టుకుని పక్కకి ఊపితే టకటకమంటే బుష్‌లు పోయినట్టు. సీటుని చేత్తో కిందకి నొక్కి వదిలితే రెండు మూడుసార్లకి మించి ఊగితే డ్యాంపర్ అయిపోయినట్టు. రాత్రి ఆపిన బండి సీటు తెల్లారేసరికి అడుగుకి దిగిపోయి ఉంటే గాలి ఎక్కడో కారుతోంది, సబ్బునీళ్లు పూస్తే బుడగలొచ్చే చోటు తెలుస్తుంది. కొత్త కుషన్ ఎత్తు ముందే రాసి పెట్టుకుంటే, స్కేలు పెట్టి కొలవగానే ఫోమ్ ఎంత కుంగిందో తెలిసిపోతుంది. రెండు సెంటీమీటర్లు కుంగితే ఫోమ్ మార్చండి, మార్చాక లంబార్ ఎత్తుని మనిషిని కూర్చోబెట్టి మళ్లీ సరిచూడండి.